అంతర్జాతీయ పర్యావరణ న్యాయం: ఒక తెలుగువాడి కృషి, ఒక క్రియాపదం

మన పత్రికల్లో పర్యావరణం మీద రాతలు బాగా పెరిగాయి. ఎండిపోయిన చెరువు మీద, కొట్టేసిన మర్రి మీద, కనపడకుండా పోయిన పిచ్చుక మీద నెలకు కనీసం నాలుగు కవితలు నా కంట పడుతున్నాయి. వాటిని చిన్నచూపు చూడడం నా ఉద్దేశం కాదు. వాటిలో దుఃఖం నిజమైనదే. అయితే దాదాపు అన్నింటిలోనూ నేరస్థుడి పేరు ఒక్కటే ఉంటుంది: ‘మనిషి’. మనిషి అడవిని నరికాడు, మనిషి గాలిని విషం చేశాడు. ఏ మనిషి? జీడిమెట్లలో రసాయనాల కర్మాగారం పెట్టినవాడా, అందులో రాత్రి షిఫ్టు చేసి దగ్గుకుంటూ ఇంటికి పోయేవాడా? వర్గ సమాజంలో ‘మనిషి’ అనే కర్త పదం ఎవరిని చూపిస్తోందో, ఎవరిని దాచిపెడుతోందో ఆలోచించాల్సిన పని మన అభ్యుదయ కవులకు లేకుండా పోయిందా అనిపిస్తుంది.

కర్త ఎవరు, బాధ్యత ఎంత, నష్టం ఎవరు భరించాలి అనే ప్రశ్నల మీద యాభై ఏళ్ళకు పైగా ఇంకొకచోట రాత నడుస్తోంది. అది అంతర్జాతీయ పర్యావరణ న్యాయం. అది వకీళ్ళ వ్యవహారమని మనం దూరంగా ఉన్నాం. కాని ఆ రాతలో పోరాటమంతా మాటల మీద, ఇంకా సరిగ్గా చెప్పాలంటే క్రియాపదాల మీద జరుగుతోంది. మాటల సంగతి తెలిసినవాళ్ళమని చెప్పుకునే మనం అక్కడ లేకపోవడం లోపమే. ఆ రాతలో పెద్ద భాగం ఒక తెలుగువాడి చేతి మీదుగా నడిచిందన్న సంగతి మన సాహిత్య విద్యార్థులకు ఎవరూ చెప్పినట్టు లేదు. అందుకే ఈ వ్యాసం.

పెమ్మరాజు శ్రీనివాసరావు. యేల్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేశాడు. 1975లో ఎం.ఐ.టి. ప్రెస్సు ‘పబ్లిక్ ఆర్డర్ ఆఫ్ ఓషన్ రిసోర్సెస్’ అనే ఆయన గ్రంథాన్ని వేసింది. అప్పటి సముద్ర న్యాయం మీద విమర్శ అది. ఆ కాలాన్ని గుర్తు తెచ్చుకోవాలి. వలసల నుంచి బయటపడిన దేశాలు కొత్త ఆర్థిక వ్యవస్థ కావాలని 1974లో ఐక్యరాజ్యసమితిలో ప్రకటన చేయించాయి. సముద్రగర్భంలోని సంపద పడవలూ యంత్రాలూ ఉన్నవాడిదా, అందరిదా అన్న తగాదా నడుస్తోంది. మూడో ప్రపంచపు యువ న్యాయవేత్తలు అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుని, అక్కడి పరికరాలతోనే అక్కడి న్యాయాన్ని ప్రశ్నించిన కాలం అది. ఆ తర్వాత ఆయన భారత విదేశాంగ శాఖకు న్యాయ సలహాదారు అయ్యాడు. 2002 దాకా ఆ పదవిలో ఉన్నాడు. 1987 నుంచి 2006 వరకు ఐక్యరాజ్యసమితి వారి అంతర్జాతీయ న్యాయ కమిషన్‌లో సభ్యుడు.

ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. కమిషన్ సభ్యుడు తన వ్యక్తిగత హోదాలో ఎన్నికవుతాడు, ఏ ప్రభుత్వానికీ ప్రతినిధి కాడు. కాని పదిహేనేళ్ళపాటు ఆయన సొంత ప్రభుత్వపు వకీలు కూడా. ఇది ఆయన ఒక్కడి సంగతి కాదు, ఆ కమిషన్‌లో చాలామంది స్థితి అదే. విద్వాంసుడి కుర్చీలో రాజ్యం కూడా కూర్చుని ఉంటుంది. ఆయన రాత చదివేటప్పుడు దీన్ని మరచిపోతే చదువు సగమే అవుతుంది. దీన్ని మాత్రమే గుర్తుపెట్టుకుంటే అది కూడా సగం చదువే.

ఆయన చేతికొచ్చిన పని పాతది. చట్టం నిషేధించని పని వల్ల, అంటే ఒక దేశం తన గడ్డ మీద న్యాయంగానే నడుపుకుంటున్న కర్మాగారమో ఆనకట్టో అణుకేంద్రమో వల్ల, పక్క దేశానికి హాని జరిగితే ఎవరు జవాబుదారీ? కెనడాలోని ట్రైల్ అనే ఊళ్ళో లోహాలు కరిగించే కొలిమి పొగ సరిహద్దు దాటి అమెరికా రైతుల పంటల్ని మాడ్చిన తగువులో 1938లోనూ 1941లోనూ తీర్పులు వచ్చాయి. నీ ఇంట్లో పొయ్యి పెట్టుకోవచ్చు గాని పక్కవాడి చూరు అంటించకూడదన్నది ఆ తీర్పుల సారం. 1972 స్టాక్‌హోం ప్రకటన దాన్ని సూత్రం చేసింది. 1978లో న్యాయ కమిషన్ ఆ విషయాన్ని చేపట్టింది. మొదట న్యూజిలాండ్‌కు చెందిన క్వెంటిన్ బాక్స్టర్, తర్వాత అర్జెంటీనాకు చెందిన బర్బోసా దాని మీద పనిచేశారు. దాదాపు ఇరవై ఏళ్ళు గడిచినా అది తెమలలేదు. 1997లో కమిషన్ ఆ విషయాన్ని రెండు ముక్కలు చేసింది. హాని జరగకుండా నివారించడం ఒక ముక్క, జరిగాక నష్టం భరించడం రెండో ముక్క. మొదటిది ముందు తేల్చమని శ్రీనివాసరావును ప్రత్యేక నివేదకుడిగా పెట్టింది.

2001లో నివారణ ముసాయిదా పూర్తయింది. పందొమ్మిది అధికరణలు. పద్దెనిమిది పుటల కథ కూడా సాగదీస్తున్నాడని విసుక్కునే మన సమీక్షకులు ఒకసారి ఈ పందొమ్మిది అధికరణలు చదవాలి. ఒక్క విశేషణం వృథాగా లేదు. మూడో అధికరణ ఒకే వాక్యం: హాని పుట్టే దేశం దాన్ని నివారించడానికి, లేదంటే కనీసం ముప్పు తగ్గించడానికి తగిన చర్యలన్నీ తీసుకుని తీరాలి. ఇంగ్లీషులో ఇక్కడ ఉన్న క్రియ ‘షల్’. విధి. ముందస్తు అనుమతి లేకుండా ప్రమాదకరమైన పని సాగకూడదు. ముప్పు అంచనా వేయాలి. పక్క దేశానికి ముందే తెలపాలి. దెబ్బ తగిలే అవకాశమున్న ప్రజలకు సమాచారమిచ్చి వాళ్ళ అభిప్రాయం తెలుసుకోవాలి. అన్నీ ‘షల్’లే. ఎంత హాని అన్న చోట ‘సిగ్నిఫికెంట్’ అన్న మాట పడింది. దాన్ని ‘గణనీయమైన’ అందాం. వ్యాఖ్యానం దీన్ని రెండు మాటల మధ్య నిలబెడుతుంది: కేవలం కొలతకు అందితే చాలదు, అయితే ‘తీవ్రమైన’ అనేంతగా ముదరనక్కరలేదు. నిఘంటుకారుడు పర్యాయపదాల మధ్య తేడా చెప్పినట్టు చెప్పాడు. ఆ చిన్న ఎడంలోనే ఊళ్ళూ నదులూ ఉన్నాయి.

మెచ్చుకోదగ్గ పని ఇది. ఎందుకంటే హాని జరిగాక ఏడ్వడం కాకుండా, జరగకముందే కర్తను పట్టుకుంటుంది.

రెండో ముక్క 2006లో పూర్తయింది. ఇప్పుడు చూడండి. పేరే మారింది. ‘అధికరణలు’ పోయి ‘సూత్రాలు’ వచ్చాయి, ఎనిమిది. ప్రమాదకరమైన పనుల వల్ల సరిహద్దు దాటిన హాని జరిగినప్పుడు నష్టాన్ని ఎలా పంచాలన్నది విషయం. బాధితులకు సత్వరంగా, చాలినంతగా పరిహారం అందేలా ప్రతి రాజ్యం చర్యలు తీసుకోవాలని నాలుగో సూత్రం. బాగుంది. కాని క్రియ ఏది? ‘షుడ్’. తీసుకుని తీరాలి కాదు, తీసుకోవడం తగును. అయిదేళ్ళ కిందట అదే చేతి మీదుగా వచ్చిన పాఠంలో ముప్పును నివారించడం విధి. ఇప్పుడు ముప్పు నిజమై మనిషి చచ్చిపోయాక, అతని పెళ్ళాం బిడ్డలకు డబ్బు ముట్టడం సలహా.

మన మీమాంసకులు వాక్యాల్ని విధి అనీ అర్థవాదం అనీ విడగొట్టారు. చేయమని ఆజ్ఞాపించేది విధి. చేయడం మంచిదని పొగిడి పురికొల్పేది అర్థవాదం. (మీమాంస పేరెత్తగానే మనవాళ్ళు కొందరు ఉలిక్కిపడతారు. యజ్ఞాలు చేయించడానికి పుట్టిన పరికరమైతే మాత్రం, వాక్యం విప్పడానికి పనికొస్తే వాడుకోవద్దా?) ఆ లెక్కన 2001 పాఠం విధి, 2006 పాఠం చాలామట్టుకు అర్థవాదం. యజ్ఞం చేసినవాడికి స్వర్గం వస్తుందన్నట్టు, బాధితుడికి పరిహారం వస్తుంది.

దీన్ని శ్రీనివాసరావు దోషమని రాసి చేతులు దులుపుకోవడం సులువు. అది సరైన విమర్శ కాదు. పరిహారం విషయంలో రాజ్యాలు బంధనానికి ఒప్పుకోవన్నది ఆయనకు తెలుసు. ‘షల్’ పట్టుకుని కూర్చుంటే పాఠమే వచ్చేది కాదు. ‘బాధితుడు’ అనే మాటను రాజ్యాల మధ్య తగువులోకి తేవడం, బాధ్యతను ముందుగా ఆ పని నడిపే యజమాని మీద పెట్టడం, అది కూడా తప్పు రుజువు చేయనక్కరలేకుండా పెట్టడం, పర్యావరణం దెబ్బతినడాన్నే నష్టంగా లెక్కించడం — ఇవన్నీ ఆ ఎనిమిది సూత్రాల్లోనే ఉన్నాయి. క్రియను వదులుకుని నామవాచకాలు సంపాదించాడు. బేరం మంచిదా కాదా అన్నది చర్చించుకోవచ్చు. బేరం పెట్టాల్సిన పరిస్థితి ఎవరు తెచ్చారన్నది అసలు చర్చ.

ఈ రెండు పాఠాల్లోనూ నాకు ఇంకొక పేచీ ఉంది. అది క్రియతో కాదు, ‘సరిహద్దు’తో. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో వదిలిన విషవాయువు ఏ దేశ సరిహద్దూ దాటలేదు. యూనియన్ కార్బైడ్ మీద మన ప్రభుత్వం 1985లో న్యూయార్కులో దావా వేస్తే, 1986లో అక్కడి కోర్టు ఇది ఇండియాలో తేల్చుకోండని పంపేసింది. 1989 ఫిబ్రవరిలో మన సుప్రీంకోర్టు ముందు 47 కోట్ల డాలర్లకు రాజీ అయింది. వాయువు సరిహద్దు దాటలేదు గాని పెట్టుబడి దాటి వచ్చింది, లాభం దాటి పోయింది. పొగ దాటితే దాన్ని ‘సరిహద్దు దాటిన హాని’ అంటుంది ఈ న్యాయం. పెట్టుబడి దాటివచ్చి ఇక్కడే హాని చేస్తే అది లోపలి విషయం. భోపాల్ వ్యాజ్యం నడిచిన ఏళ్ళలో మన ప్రభుత్వంలో ఉన్న న్యాయవేత్త చేతి మీదుగా వచ్చిన పాఠాల్లో కూడా భోపాల్‌కు చోటు లేకపోవడం ఆ న్యాయపు నిర్మాణం ఎవరి అవసరాలకు కట్టిందో చెబుతుంది. సామ్రాజ్యవాద దశలో హాని ఎగుమతి అయ్యే ప్రధాన మార్గం గాలీ నీరూ కావు.

వాతావరణ మార్పు వచ్చేసరికి ఈ గీత తలకిందులైంది. బొగ్గుపులుసు వాయువుకు ఊరూ లేదు, దేశమూ లేదు. ఎవడు వదిలినా అందరి నెత్తిన. అయినా క్రియల కథ మారలేదు. 2015 డిసెంబరు 12 సాయంత్రం పారిస్‌లో ఒప్పందం ఖాయం కాబోతుండగా, సంపన్న దేశాలు ఉద్గారాల తగ్గింపులో ముందు నడవాలన్న నాలుగో అధికరణలోని వాక్యంలో ‘షల్’ ఉండడం అమెరికా చూసింది. అది ఉంటే సెనేటుకు పోవాలి, పోతే ఒప్పందం దక్కదు. సచ్చు పొరపాట్లు దిద్దినట్టుగా చదివేసి దాన్ని ‘షుడ్’ చేశారు. కాలగతిని మార్చే ఒక క్రియ అచ్చుతప్పుల పట్టికలో కలిసిపోయింది. ఆ సభ నిర్ణయంలోనే 51వ పేరా కూడా చూడండి. నష్టం గురించిన ఎనిమిదో అధికరణ చట్టబద్ధమైన బాధ్యతకు గాని పరిహారానికి గాని ఆధారం కాదని అందులో స్పష్టంగా రాసుకున్నారు. ఇక్కడ క్రియ మెత్తబడలేదు సుమా! ఇవ్వనక్కరలేదని చెప్పేటప్పుడు భాష ఉక్కులా ఉంటుంది.

ఈ విషయాల మీద భారతీయ పండితుల్లో లావణ్య రాజమణి కృషి గట్టిది. 2006లో వచ్చిన ఆమె గ్రంథం పర్యావరణ ఒప్పందాల్లో దేశానికొక కొలత ఎందుకుండాలో చర్చిస్తుంది. కొలత వేరుగా ఉండాలన్నది మనకూ సమ్మతమే. కాని ఆ వాదాన్ని మన పాలకవర్గాలు వాడుకునే తీరు సమ్మతం కాదు. తలసరి లెక్కన మేము పేదలమని అక్కడ చెప్పి, ఆ పేదల పేరు మీద మిగిల్చుకున్న వాటాను ఇక్కడ ఎవరు తింటున్నారో చెప్పరు. 2021లో గ్లాస్గోలో బొగ్గును ‘నిలిపివేయడం’ అన్న మాటను ‘తగ్గించడం’గా మార్పించినప్పుడు కూడా పేదల పేరే వినిపించింది. సింగరేణి గనిలో దిగే కార్మికుడు, రామగుండం బూడిద పీల్చే పల్లెవాడు ఆ పేదల్లో ఉన్నారు నిజమే. ఆ కరెంటుతో గదిగదికీ చల్లదనం పెట్టించుకున్నవాళ్ళు ఆ సగటులో దాక్కున్నారన్నదీ నిజమే.

సరిహద్దు మాట ఎత్తాను కనక నేనుండే ఊరి సంగతి చెప్పాలి. సికింద్రాబాదు సరిహద్దు మీద పుట్టిన ఊరు. 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టుకుని కంపెనీ దండుకు విడిదిగా వెలిసింది. హుస్సేన్‌సాగర్‌కు ఒక పక్క నిజాం ఫర్మానా, ఇంకొక పక్క ఇంగ్లీషువాడి శాసనం. చెరువు ఒక్కటే. ఈనాటికీ కంటోన్మెంటు గోడకు అటు ఒక నిబంధన, ఇటు ఒక నిబంధన. బాలానగర్, జీడిమెట్ల, సనత్‌నగర్ పరిశ్రమల మురుగు కూకట్‌పల్లి నాలాలో పడి ఈ చెరువుకు చేరింది. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడితే చెరువు అలుగు నీళ్ళు ఏ బస్తీలోకి పోవాలో ముందే తెలిసినట్టు వాటిలోకే పోయాయి. 2020 అక్టోబరులోనూ అంతే. ఎక్కువ వదిలినవాడు ఎక్కువ భరించాలన్న సూత్రం దేశాల మధ్య వర్తిస్తే రసూల్‌పురాకూ దాని పక్కనున్న మేడలకూ మధ్య ఎందుకు వర్తించదు? అంతర్జాతీయ న్యాయం దీనికి జవాబు చెప్పదు. అది తన పని కాదంటుంది.

అలాగని ఆ న్యాయం మన గడప తొక్కనే లేదనడం అబద్ధం. 1996 మార్చిలో ప్రభుత్వం 111 జీవో తెచ్చింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు నిషేధం. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం ఉత్పత్తుల కర్మాగారం ఆ గీత లోపలికి వచ్చింది. దానికి ప్రభుత్వమే మినహాయింపు ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి కాదంది, అప్పీలు అధికారి ఇవ్వమన్నాడు. తగువు సుప్రీంకోర్టుకు చేరింది. ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు పేరు మీద పిలిచే ఆ కేసులో 1999 జనవరిలో జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పు చదవదగ్గది. శాస్త్రం తేల్చి చెప్పలేనంత మాత్రాన ఊరి నీళ్ళతో జూదం ఆడకూడదనీ, హాని లేదని రుజువు చేయాల్సిన బరువు కర్మాగారం పెట్టేవాడిదేననీ, 1992 రియో ప్రకటన దాకా పోయి అంతర్జాతీయ సూత్రాల్ని తెచ్చి మన మంచినీళ్ళ చెరువుల గట్టు మీద నిలబెట్టాడు. 2000 డిసెంబరులో ఆ మినహాయింపు చెల్లదని కోర్టు తేల్చింది. నివేదకుడి పందొమ్మిది అధికరణలు జెనీవాలో తయారవుతున్న రోజుల్లోనే ఇంకొక తెలుగువాడు ఇక్కడ ఈ పని చేశాడు. కాని ఆ తీర్పు నిలబెట్టిన 111 జీవో ఆంక్షల్ని 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ప్రభుత్వం ఎత్తేసింది. రియల్ ఎస్టేటు వర్గాల బలం తీర్పుల కంటే ఓపికైనది.

2025 జూలై 23న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం వాతావరణం మీద సలహా అభిప్రాయం ఇచ్చింది. దాన్ని మొదట కోరింది రాజ్యాలు కాదు. పసిఫిక్ ద్వీపాల న్యాయ విద్యార్థులు 2019లో తరగతి గదిలో అనుకుని బయలుదేరారు, వనువాటు దాన్ని సమితికి తెచ్చింది. గణనీయమైన హాని నివారించే కర్తవ్యం వాతావరణానికీ వర్తిస్తుందనీ, అది ఆచార న్యాయమనీ, ఉల్లంఘిస్తే షరతులు కుదిరినచోట పూర్తి పరిహారం దాకా పోవచ్చుననీ న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. 2001 పాఠం ఏ నివారణ బాధ్యతను అక్షరాల్లో పెట్టిందో దాని మీదే ఇది నిలిచింది; 2006లో మెత్తబడ్డ క్రియకు మళ్ళీ కొంత ఎముక పెట్టింది. ఆ విచారణలో ఉన్న ఒప్పందాలను దాటి కొత్త బాధ్యతలు పెట్టవద్దని కోరిన దేశాల్లో మన దేశం ఒకటి.

చివరగా మన భాష సంగతి. పారిస్ ఒప్పందం గురించి తెలుగులో ఏం చదివినా ‘తగ్గించాలి’ అని ఉంటుంది. షల్ అయినా ‘ఆలి’, షుడ్ అయినా ‘ఆలి’. ప్రపంచ రాజ్యాలు రాత్రంతా మేలుకుని కొట్లాడుకున్న తేడా మన వాక్యంలో ఆనవాలు లేకుండా పోతోంది. తెలుగుకు శక్తి లేక కాదు. ‘చేసి తీరాలి’ ఉంది, ‘చేయదగును’ ఉంది. ‘వలెను’ను ఒకదానికే కట్టడి చేసుకోవచ్చు. పని చేసేవాళ్ళు లేరు. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ముసాయిదాను కేంద్రం ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఇచ్చి అభ్యంతరాలు చెప్పమంది. రాజ్యాంగం గుర్తించిన భాషలన్నింటిలోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు ఆ జూన్ 30న ఆదేశిస్తే, ప్రభుత్వం దాని మీద సుప్రీంకోర్టుకు పోయింది. కవుల సంఘాలు ఆ ముసాయిదా మీద ప్రకటనలు ఇచ్చాయో లేదో గాని, దాన్ని తెలుగు చేసి పల్లెకు పంచడం రచయితల పని అని మనలో ఎంతమందికి తోచింది?

శ్రీనివాసరావు పాఠంలో పదమూడో అధికరణను నా విద్యార్థులతో కలిసి తెలుగులో పెట్టే పనిలో ఉన్నాను. దెబ్బ తగిలే అవకాశమున్న ప్రజలకు ఆ పని గురించి, ముప్పు గురించి, జరగగల హాని గురించి రాజ్యం తగిన పద్ధతుల్లో తెలియజేసి తీరాలి, వాళ్ళ అభిప్రాయం తెలుసుకుని తీరాలి. ఏ భాషలో తెలియజేయాలో ఆ అధికరణలో లేదు. ‘తగిన పద్ధతుల్లో’ అన్న మాట దగ్గర విద్యార్థులు పేచీ పెట్టారు, ఆ మాటలోనే భాష కూడా ఉందని వాళ్ళ వాదం. ఇంకా తేలలేదు.